అంచనా నుంచి కొలతకు – చిన్న ఇంజనుకు ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినవాడిని కాదు. ఇంటర్మీడియట్ పాసై 1990లో సికిందరాబాదు 1 ఇ.ఎం.ఇ. సెంటరులో రిక్రూటుగా చేరాను. వెహికల్ మెకానిక్ ట్రేడు. 2018లో సుబేదారుగా పెన్షన్ వచ్చాను. అప్పటి నుంచి అల్వాల్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని ఇంజన్లు బాగుచేసుకుంటున్నాను. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు. అయినా ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు పట్టుబట్టారు, ఎందుకంటే ఇది మనలో చాలామంది కూటికి సంబంధించిన విషయం.

మన సంఘంలో పెన్షన్ వచ్చాక మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్ళందరి చేతివిద్య కార్బురేటరు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాయి. ఆ దెబ్బతో కొత్త మోటారు సైకిళ్ళు, స్కూటర్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. పాత బండ్లు ఏటా తగ్గుతున్నాయి. "సాబ్, కొత్త బండి వస్తే కంపెనీ షోరూముకు పొమ్మని పంపేస్తున్నాను" అని మన హవల్దార్లు ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. పనిమంతుడైన ఫౌజీ, వాకిట్లోకి వచ్చిన గిరాకీని తానే వెనక్కి పంపడం నాకు మనసుకు కష్టంగా అనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కార్బురేటరు వచ్చినవాడికి ఇంజెక్షన్ రాకపోవడం అంటూ ఉండదు. అయితే పుస్తకం చదివితే రాదు, ఇంకొకరు చేస్తుంటే చూస్తే కూడా రాదు. కార్బురేటరు ఉన్న ఒక చిన్న ఇంజనును తీసుకుని, తన చేతులతో ఇంజెక్షన్‌కు మార్చి, అది నడిచేదాకా వదలకుండా ఉంటే వస్తుంది.

ముందు కార్బురేటరు సంగతి. సన్నటి గొంతులోంచి గాలి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ పీల్పుకు జెట్టు రంధ్రంలోంచి పెట్రోలు పైకి వస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ, తక్కువ పోతే తక్కువ. ఎంత చక్కటి ఏర్పాటు చూడండి. కరెంటు అక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు. కానీ దానికి తెలిసినదల్లా గాలి ఎంత వేగంగా పోతున్నదన్నదే. ఆ గాలి చిక్కగా ఉందా పలచగా ఉందా, చల్లగా ఉందా వేడిగా ఉందా దానికి తెలియదు. అది అంచనా వేస్తుంది, కొలవదు.

ఎత్తు ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళకు ఇది అనుభవమే. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి సుమారు 101 కిలో పాస్కళ్ళు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అది 66 దగ్గరకు పడిపోతుంది. అంటే ఇంజను పీల్చే గాలి బరువు మూడో వంతు తగ్గింది. కార్బురేటరు ఇచ్చే పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు. మిశ్రమం చిక్కబడుతుంది, నల్లపొగ వస్తుంది, ప్లగ్గు మసిపడుతుంది, బ్యాటరీ చార్జింగ్ ఇంజను లోడు తీసుకోనని మొరాయిస్తుంది. అప్పుడు మనం చిన్న నంబరు జెట్టు వేసేవాళ్ళం. యూనిట్ కిందికి దిగగానే మళ్ళీ పెద్ద జెట్టు. 2000 ప్రాంతంలో జిప్సీకి ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజను వచ్చాక, అదే బండి కింద నుంచి పైకి ఎవరూ జెట్టు ముట్టుకోకుండా ఎక్కడం చూశాం. దానిలో మాయ ఏమీ లేదు. గాలి ఒత్తిడిని కొలిచే సెన్సారు ఒకటి ఉంది, అంతే.

ఇప్పుడు కిందనే ఉన్నవాళ్ళకు కూడా ఇంకో మార్పు వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతా పరచుకుంది. మామూలు పెట్రోలు ఒక గ్రాము సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇ-20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. పాత జెట్టుకు ఆ సంగతి తెలియదు కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. సైలెన్సరులో ఆక్సిజన్ సెన్సారు ఉన్న ఇంజెక్షన్ బండి ఆ తేడాను తానే పసిగట్టి సరిచేసుకుంటుంది.

ఇక మార్చే పని. ఏ ఇంజను తీసుకోవాలి? మీ బుల్లెట్టు మీద చెయ్యి వేయకండి. రోడ్డు మీద తిరిగే వాహనానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. ఆర్.టి.ఓ. అనుమతి లేకుండా మారిస్తే రేపు యాక్సిడెంటు జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. అందుకని నేను నేల మీద కూర్చునే ఇంజనును ఎంచుకున్నాను. 196 సి.సి., ఒకే సిలిండరు, తాడు లాగి స్టార్టు చేసే పెట్రోలు జనరేటరు. పాతది, పెళ్ళిళ్ళకు లైటింగు పెట్టేవాళ్ళ దగ్గర కొన్నాను.

మొదటి సూత్రం: జబ్బు ఇంజనుకు ఇంజెక్షన్ మందు కాదు. ముందు కంప్రెషన్ చూసుకోవాలి, వాల్వు సందులు సరిచేయాలి. మా ఇంజనుకు ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు. ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర దొంగగాలి లేకుండా చూడాలి. పాత కార్బురేటరు మీదనే అది సాఫీగా నడిచాకనే పానా పట్టుకోవాలి. లేకపోతే రేపు తేడా వస్తే తప్పు ఇంజనుదా, మన వైరింగుదా తేలదు.

రెండోది పెట్రోలు దారి. కార్బురేటరుకు పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది. ఇంజెక్టరుకు అలా చాలదు, సుమారు 3 బార్ ఒత్తిడి కావాలి. మన మోటారు సైకిళ్ళ పంపు, రెగ్యులేటరు కలిసి ఉండే సెట్లు ఈ ఒత్తిడి దగ్గరే పనిచేస్తాయి. ఇక్కడ పాత మెత్తటి పెట్రోలు పైపు వాడకూడదు. ఇంజెక్షన్‌కని ప్రత్యేకంగా చేసిన పైపు, దానికి తగిన క్లిప్పు వేయాలి. 3 బార్ మీద చిన్న చిల్లు పడితే పెట్రోలు చుక్కలుగా కారదు, పొగమంచులా చిమ్ముతుంది. పక్కనే వేడి సైలెన్సరు ఉంటుంది. అందుకే ఇంజను స్టార్టు చేయకుండా పంపు ఒక్కటే నడిపి, ప్రతి జాయింటూ గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడాలి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో పెట్టుకోవాలి. ఇంజను ఆగితే పంపు తనంతట తానే ఆగేటట్టు రిలే వైరింగు ఉండాలి. ఈ మూడూ లేకుండా ఎవరైనా ఇంజెక్షన్ చేస్తానంటే ఆ షెడ్డులో నిలబడకండి.

మూడోది కరెంటు. పంపు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. ఇంజెక్టరు తెరుచుకున్నప్పుడు ఒక ఆంపియరు. ఆక్సిజన్ సెన్సారు హీటరుకు ఇంకొంత. మా జనరేటరుకు 12 వోల్టుల డి.సి. సాకెట్టు ఉంది కానీ దాని వోల్టేజి నిలకడగా ఉండదు. దానికి రెగ్యులేటరు పెట్టి చిన్న బ్యాటరీని చార్జి చేయించాను. ఒక నిజం ఇక్కడ చెప్పాలి. కార్బురేటరు ఇంజను బ్యాటరీ లేకుండా తాడు లాగితే లేస్తుంది. ఇంజెక్షన్ చేశాక బ్యాటరీ చచ్చిందంటే ఇంజను కూడా చచ్చినట్టే. కరెంటు లేని మారుమూల వాడే ఇంజనును మార్చేముందు ఇది ఆలోచించుకోవాలి.

నాలుగోది సెన్సార్లు. ఇవి ఇంజను కళ్ళు, చెవులు. క్రాంకు ఏ స్థితిలో ఉంది, ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది చెప్పడానికి పన్నెండు పళ్ళలో ఒకటి తీసేసిన చక్రం చేయించి, ఫ్లైవీలు దగ్గర రీకాయిల్ కప్పు కింద బిగించాను. ఆ పన్ను లేని ఖాళీ వచ్చినప్పుడల్లా కంప్యూటరుకు ఒక చుట్టు లెక్క తెలుస్తుంది. ఈ చక్రం బ్యాలెన్సు సరిగా ఉండాలి, బోల్టులు గట్టిగా ఉండాలి. నిమిషానికి 3,000 చుట్ల మీద ఊడితే అది తూటాతో సమానం. ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడికి ఒక సెన్సారు, గాలి వేడికి ఒకటి, సిలిండరు హెడ్డు వేడికి ఒకటి, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పడానికి ఒకటి. థ్రాటిల్ బాడీ మాత్రం 100 సి.సి. తరహా చిన్న బండిది తీసుకోవాలి. గొంతు పెద్దదైతే గవర్నరు కొంచెం కదిపినా గాలి ఎక్కువ దూకి, ఇంజను ఊగిసలాడుతుంది.

ఐదోది ఇంజెక్టరు. దీనికి లెక్క కావాలి. భయపడకండి, ఏడో తరగతి లెక్కే. 196 సి.సి. సిలిండరు పూర్తి లోడు మీద ఎనభై శాతం నిండుతుందనుకుందాం. అంటే 157 సి.సి. గాలి. ఒక సి.సి. గాలి సుమారు 1.2 మిల్లీగ్రాములు, కాబట్టి మొత్తం 188 మిల్లీగ్రాములు. ఇ-20కి 13.5తో భాగిస్తే సుమారు 14 మిల్లీగ్రాముల పెట్రోలు. అది ఒక సి.సి.లో యాభయ్యో వంతు కన్నా కొంచెం తక్కువ. 3,000 చుట్ల మీద ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 1,500 సార్లు పీలుస్తుంది. అంటే నిమిషానికి సుమారు 28 సి.సి., గంటకు సుమారు 1.7 లీటర్లు. ఈ సైజు జనరేటరు పూర్తి లోడు మీద ఎంత తాగుతుందో వాడినవాళ్ళకు తెలుసు, లెక్క సరిపోయింది.

ఇప్పుడు నిమిషానికి 100 సి.సి. పోసే ఇంజెక్టరు వేస్తే, ప్రతి పీల్పుకూ అది సుమారు 11 మిల్లీ సెకన్లు తెరుచుకోవాలి. లోడు లేనప్పుడు మూడో వంతు, అంటే మూడున్నర నుంచి నాలుగు మిల్లీ సెకన్లు. బాగానే ఉంది. అదే కారు ఇంజెక్టరు, 300 సి.సి.ది దొరికింది కదా అని పెట్టారనుకోండి. లోడు లేనప్పుడు ఒకటీ పాతిక మిల్లీ సెకన్లే తెరవాలి. కానీ ఇంజెక్టరు సూది లేవడానికే సుమారు ఒక మిల్లీ సెకను పడుతుంది. లేచేలోపే మూసుకోవాలన్నమాట. దానికి అదుపు ఎక్కడుంటుంది? "పెద్దది వేస్తే పవరు పెరుగుతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆరోది ఇ.సి.యు., అంటే కంప్యూటరు డబ్బా. మెగాస్క్విర్ట్, స్పీడ్వినో అని సొంతంగా అమర్చుకుని ట్యూన్ చేసుకునే డబ్బాలు ఉన్నాయి. వీటిలో స్పీడ్వినో ఆర్డ్వినో బోర్డు మీద నడుస్తుంది, దాని ప్రోగ్రాము అందరికీ ఉచితం. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు, సాఫ్ట్‌వేరు వాడు చూశాడు, ఇనుము నేను చూశాను. ఇగ్నిషన్ ముట్టుకోలేదు. కంపెనీ ఇచ్చిన స్పార్కు అలాగే ఉంచి, మొదట పెట్రోలు ఒక్కటే కంప్యూటరుకు అప్పగించాం. ఒకేసారి రెండూ మారిస్తే గందరగోళం. ప్లగ్గు మాత్రం రెసిస్టరు ప్లగ్గు వేయాలి. స్పార్కు రేపే రొద వైర్లలోకి చేరితే కంప్యూటరు లేని పన్నును లెక్కపెడుతుంది. సెన్సార్ల ఎర్తులన్నీ ఇ.సి.యు. దగ్గర ఒకే చోటికి రావాలి. పంపు, ఇంజెక్టరు ఎర్తు వేరే దారిలో నేరుగా బ్యాటరీకి పోవాలి.

ఇక ట్యూనింగు. గాలి ఒత్తిడి నిలువుగా, ఇంజను వేగం అడ్డంగా ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో గడిలో ఇంజను ఎంత నిండుతుందో అంకె వేయాలి. జనరేటరుకు వేగం ఒకటే కాబట్టి పని సులువు. ఇంజను వేడెక్కాక పాత రకం 200 వాట్ల బల్బులు ఒకటొకటిగా వెలిగించాం. ఒక్కో బల్బుకు ఇంజను ఒక గడి నుంచి ఇంకో గడికి జరుగుతుంది. సైలెన్సరు మొదట్లో బిగించిన వైడ్‌బ్యాండ్ సెన్సారు మిశ్రమం ఎలా ఉందో చెబుతుంది, అంకె సరిచేస్తాం. గాలితో చల్లబడే ఇంజను కాబట్టి పూర్తి లోడు మీద కొంచెం చిక్కగా ఉంచాలి, లేకపోతే వాల్వు కాలుతుంది. సైలెన్సరు జాయింటులో లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి సెన్సారు అబద్ధం చెబుతుంది. అది ముందే చూసుకోవాలి. చివరగా తెల్లవారుజామున చల్లటి ఇంజను మీద స్టార్టింగు మోతాదు సరిచేశాం. ఇది రోజుకు ఒక్కసారే దొరికే అవకాశం, ఓపిక కావాలి.

పెట్రోలు ఎంత మిగిలిందని అందరూ అడుగుతారు. సూటిగా చెబుతాను. ఒకే వేగం, ఒకే లోడు మీద నడిచే జనరేటరుకు బాగా సెట్ చేసిన కార్బురేటరు ఏమంత తీసిపోదు. ఇంజెక్షన్ లాభం చలిలో స్టార్టింగులో, లోడు మారినప్పుడు, ఎత్తు మారినప్పుడు, పెట్రోలు రకం మారినప్పుడు కనిపిస్తుంది. సామాను ఖర్చు ఆ పాత ఇంజను ఖరీదును మించిపోతుంది. డబ్బు మిగుల్చుకోవాలని మార్చకండి. నేర్చుకోవాలని మార్చండి. ఇంకో మాట. మిశ్రమం సరిగా ఉంటే కార్బన్ మోనాక్సైడు తగ్గుతుంది, కానీ పోదు. ఇంజెక్షన్ ఉంది కదా అని టెంటులో, బంకరులో, షట్టరు దించిన షాపులో ఏ ఇంజనూ నడపకూడదు. ఆ విషవాయువుకు వాసన లేదు, హెచ్చరిక లేదు.

మరి ఇంత కష్టం దేనికండీ అంటారా? పాలు పోసే కుర్రవాడు ఒకడు మా వీధిలో ఉన్నాడు. వాడి బి.ఎస్-6 బండి వేడెక్కితే ఆగిపోతోంది. ఒక చోట చూపిస్తే ఇ.సి.యు. పోయింది, మార్చాలి, వేలల్లో అవుతుందన్నారట. "బాబాయ్, తెల్లారితే ముప్పై ఇళ్ళకు పాలు పోయాలి, బండి లేకపోతే ఎలా?" అని వచ్చి కూర్చున్నాడు. ఆ జనరేటరు మీద చేసిన పనే ఆ బండి మీద వరసగా చేశాను. బ్యాటరీ వోల్టేజి బాగుంది. పెట్రోలు ఒత్తిడి బాగుంది. సెన్సార్లకు 5 వోల్టులు వస్తున్నాయి. ఇంజను నడుస్తుండగా ఇ.సి.యు. ఎర్తుకు, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య మల్టీమీటరు పెడితే దాదాపు ఒక వోల్టు చూపించింది. అక్కడ 0.1, 0.2 మించకూడదు. చాసిస్ మీద ఎర్తు బోల్టు కింద తుప్పు. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, వాజిలీను రాశాను. సామాను ఖర్చు ఏమీ లేదు. ఆ డబ్బా ఈనాటికీ అదే.

డబ్బా చెడిపోదని నేను అనను. కానీ అది వరసలో చివరిది. ముందు కరెంటు, తరువాత ఎర్తు, తరువాత పెట్రోలు ఒత్తిడి, తరువాత సెన్సార్లు, కప్లర్లు. ఈ వరస పట్టుకున్నవాడు పేదవాడి డబ్బు కాపాడతాడు, తన షెడ్డునూ కాపాడుకుంటాడు. ట్రైనింగులో మన ఉస్తాద్‌లు చెప్పింది కూడా ఇదే కదా, భాగం మార్చేముందు లోపం కనిపెట్టమని.

కాబట్టి నాదొక విన్నపం. మన సంఘం తరఫున ఒక పాత ఇంజను కొని, దానికి ఈ సామానంతా అమర్చి, ఒక బల్ల మీద పెడదాం. ఎర్తు వైరు కావాలని వదులు చేసి, సెన్సారు కప్లర్ కావాలని పీకి, లోపం పట్టుకోమని మన తమ్ముళ్ళను నిలబెడదాం. పెన్షన్‌కు ఇంకా రెండు మూడేళ్ళున్నవాళ్ళు సెలవుల్లో వచ్చి నేర్చుకోవచ్చు. అమరులైన మన జవాన్ల పిల్లలు ఐ.టి.ఐ. చదువుతుంటే వాళ్ళను ముందు వరసలో కూర్చోబెడదాం. అంతవరకూ నా జనరేటరు నా షెడ్డులోనే ఉంది. ఆదివారం ఎవరు వచ్చినా తాడు వాళ్ళ చేతికే ఇస్తాను.

కర్మ్ హీ ధర్మ్ అన్నది మా కోర్ నినాదం. ఇంజన్లు మారినా పనిచేసే చేతులు అవే. 

జై హింద్.